కంకర సారె

రోడ్డు వేయమని అడగడం ఇక మానేయండి!

మీరు సరిగ్గానే చదివారు. గోతులున్న రోడ్డు మనిషికి చేసే మేలు ఇంకెవరూ చేయలేరు. ఈ మాట నేను ఒళ్లు తెలిసే అంటున్నాను. నిన్ననే బస్సు దిగాను కనుక ఒళ్లు ఎక్కడెక్కడుందో నాకు బాగా తెలుసు.

మా తాటిదిబ్బవలస నుంచి చీపురుపల్లికి పాలకేను వెళ్తుంది. బయల్దేరేటప్పుడు అందులో ఉండేవి పాలు. చేరేసరికి పైన వెన్న తేలుతూ ఉంటుంది. చిలికిందెవరు? కవ్వమేది? కరెంటేది? ఇంత సేవ ఉచితంగా ఎవరు చేస్తారండీ?

ఆటో సంగతి చూడండి. ఎక్కేటప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకోని మనుషులు. రెండు గోతులు దాటేసరికి ఒకరి ఒళ్లో ఒకరుంటారు. దిగేటప్పుడు “తప్పకుండా ఇంటికి రా అన్నయ్యా” అని చెప్పుకుంటారు. నున్నటి తారు రోడ్డు మీద ఎప్పుడైనా ఇన్ని చుట్టరికాలు కలిశాయా?

దొంగల భయం అసలే లేదు. మా ఊళ్లో కోడిని ఎత్తుకుపోయినవాడు ఆ రోడ్డు మీద పారిపోలేడు. కోడి పారిపోతుంది!

ఇక ఆరోగ్యం. పట్నంలో జనం డబ్బులిచ్చి మరీ వణికే మిషన్ల మీద నిలబడతారట. మావాళ్లు బస్సెక్కుతారు. అంతే.

“అంతా బాగుంది గానీ, బండ్లు పాడైపోవా?” అని అడుగుతారు మీరు. అక్కడే పొరబడుతున్నారు. రోడ్డు బాగోలేకపోతే రోడ్డునే బాగుచేయాలనుకోవడం పాతకాలపు ఆలోచన. నేటి మనిషి రోడ్డు జోలికి పోడు. బండిని బాగుచేసుకుంటాడు.

సాక్ష్యం కావాలా? అయితే మా ఎల్లాజీ కథ వినండి.

ఎల్లాజీది వరి, గోగు పండించే ఇల్లు. పొలంతోపాటు అతనికో పాత పికప్ బండి ఉంది. దాని వయసెంతని అడిగితే మాట మార్చేస్తాడు. ముందు అద్దం మీద ఎర్రటి అక్షరాలతో ‘దేముడమ్మ’ అని రాయించాడు. అది పోయిన వాళ్లమ్మ పేరు. ఆ రోజు నుంచి అతని భార్య తులసి ఆ బండిని బండి అనలేదు. మా అత్త అంటుంది.

“ఇదిగో, మీ అమ్మ మళ్లీ కూలబడిపోనాది!” అని ఆవిడ వీధిలోంచి కేకేసిందంటే బండి వెనకభాగం నేలకి ఆనిందని అర్థం.

ఆనకుండా ఎలా ఉంటుంది? ఎల్లాజీ దాని మీద మోయించని బరువు లేదు. నెల్లిమర్ల మిల్లుకి గోగునార, రైసుమిల్లుకి ధాన్యం, కట్టే ఇళ్లకి సిమెంటు. బండి తయారుచేసినవాళ్లు ఇంత బరువే వేయాలని ఎక్కడో రాసే ఉంటారు. ఎల్లాజీ లెక్క వేరు. పైన ఆకాశం ఉన్నంతవరకూ చోటున్నట్టే! దాంతో దేముడమ్మ వెనక్కి చతికిలబడి, ముందుభాగం పైకెత్తి, సాయంత్రమైతే హెడ్‌లైట్ల వెలుగు రోడ్డు మీద కాకుండా కొబ్బరిచెట్ల మొవ్వుల మీద వేస్తూ వెళ్లేది. దారి కనిపించేది కాదు గానీ కాయలు దిగాయో లేదో తెలిసేది.

చివరికి ఒకరోజు చీపురుపల్లిలో హరిబాబు షెడ్డుకి తీసుకెళ్లాడు. హరిబాబు కమాన్లు కట్టడంలో పేరున్నవాడు, అరవకుండా మాట్లాడలేనివాడు. బండి కిందికి దూరి, అక్కణ్నుంచే అరిచాడు.

“మావా, నీ బండికి రోగం నేదు! కమాన్లు సచ్చిపోనాయి!”

కమాన్లంటే వెనక చక్రాల మీద ఒకదానిపై ఒకటి పేర్చి బిగించే వంపు ఇనుప బద్దలు. బరువంతా మోసేవి అవే. చక్రం గోతిలో పడ్డప్పుడు వంగి, మళ్లీ లేచేవీ అవే.

“కొత్తవి ఎయ్యరా అల్లుడూ. ఇంకెప్పుడూ కూలబడకూడదు.”

“అదనంగా ఎన్ని బద్దలెయ్యమంటావు?”

“ఎన్ని పడితే అన్ని ఎయ్యి!”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. హరిబాబు అలాంటి మాట కోసమే బతుకుతున్న మనిషి. లారీల బద్దలు తెచ్చి బిగించాడు. షాక్ అబ్జార్బర్లు మార్చాడు. రబ్బరు దిమ్మలు అమర్చాడు. బండి కిందికి దించగానే దాని వెనకభాగం ఆకాశంలోకి లేచింది. పొడవడానికి తల వంచిన ఆబోతులా నిలబడింది దేముడమ్మ!

“ఒక్క మాట మావా,” అన్నాడు హరిబాబు చేతులు తుడుచుకుంటూ. “దీన్ని కాళీగా నడపకు. ఇది పెళ్లిభోజనానికొచ్చిన పెద్దమనిసి లాంటిది. కడుపు నిండితేనే కుదురుగా కూకుంటాది.”

“కాళీగా నడపడానికి నాకేటి పిచ్చా?” అన్నాడు ఎల్లాజీ. ఆ మాటని అక్కడే మర్చిపోయాడు.

ఆ తర్వాత గడిచిన రోజులున్నాయే, అవి ఎల్లాజీ జీవితంలో బంగారు రోజులు. నిండా లోడు వేసుకుని గోతిలో దిగితే ముందు పెట్టుకున్న టీ గ్లాసు తొణికేది కాదు! గోతుల్ని తప్పించుకుని వెళ్లడం మానేశాడు. వెతుక్కుంటూ వెళ్లడం మొదలెట్టాడు. కమాన్లు గట్టివి కదాని ఇంకాస్త బరువు వేశాడు. ఆ బరువుకి రోడ్డు ఇంకాస్త కుంగింది. కుంగిన రోడ్డు మీద కమాన్లు ఇంకాస్త పనికొచ్చాయి. కమాన్లు అంతలా పనికొస్తున్నాయి కదాని మళ్లీ ఇంకాస్త బరువు! అభివృద్ధి అంటే ఇది కాకపోతే మరేమిటి?

సరిగ్గా అప్పుడే అతని అప్ప కూతురికి సారె ముహూర్తం వచ్చింది.

అప్ప అంటే అక్క. పేరు లక్ష్మణమ్మ. పక్కవీధిలోనే ఉంటుంది. ఆవిడ ఒక్కగానొక్క కూతురు శ్రావణిని బొబ్బిలి వైపు పనసగెడ్డ అనే ఊరికి ఇచ్చారు. మా వైపు కొత్త పెళ్లికూతురు అత్తవారింటికి సారెతో వెళ్తుంది. లడ్డూలు, అరిసెలు, పోకుండలు, జంతికలు, కాజాలు, డబ్బాలకి డబ్బాలు. అవి అత్తవారు ఒక్కరే తినడానికి కాదు. ఊళ్లో గడప గడపకీ పంచాలి. పంచినవాటిని ఊరంతా తినాలి. తిన్న ఊరంతా వంకలు పెట్టాలి. పద్ధతి అది!

పనసగెడ్డ ఈ విషయంలో మరీ గట్టి ఊరు. ఆ ఇంటి పెద్దకోడలు ఝాన్సీ సారెలో జంతికలు దారిలో విరిగిపోయాయి. ఆవిడకిప్పుడు ఇద్దరు పిల్లలు. వాళ్లు బడికి కూడా వెళ్తున్నారు. ఇప్పటికీ ఊళ్లో ఆవిడ పేరు ‘పొడికోడలు’.

“నా కూతురికి అలాటి పేరొచ్చిందంటే నాను ఆ ఊళ్లో మళ్లీ అడుగెట్టను,” అంది లక్ష్మణమ్మ తమ్ముడితో. “ఒక్క లడ్డు సితకకూడదు. ఒక్క అరిసి ఇరగకూడదు. నీ బండి మీద నాకు నమ్మకం నేదురా.”

“అప్పా! నా కమాన్ల సంగతి నీకు తెలీదు. టీ గ్లాసు కదలదు!”

మేనమామ కదా, ఆ మాట కూడా ఛాతీ విరిచి అన్నాడు.

ముహూర్తం పొద్దున్నే. ఎల్లాజీ బండి కడిగి, బంతిపూల దండలు కట్టి తెచ్చాడు. ముందు సీట్లో శ్రావణి, లక్ష్మణమ్మ. వెనక సారె డబ్బాలు, వాటి చుట్టూ పట్టుచీరల్లో తులసి, ఇంకొందరు ముత్తయిదువలు. మీరే చెప్పండి, అంతా కలిసి బరువెంత? గోగునార మోసే బండికి అదొక బరువా? దేముడమ్మ దృష్టిలో ఆ రోజు తన వీపు మీద ఎవరూ లేరు!

వీధి మలుపు తిరిగి ఎల్లాజీ ఇంటి ముందున్న గోతిలో చక్రం దిగింది.

అంతే! బండి గాల్లోకి లేచింది. దాంతోపాటు డబ్బాలు లేచాయి. డబ్బాల్ని పట్టుకున్న ఆడవాళ్లు లేచారు. ముందు బండి దిగింది. తర్వాత డబ్బాలు దిగాయి. ఆడవాళ్లు వీలు చూసుకుని దిగారు.

“ఆపు! ఆపయ్యా!” అని కేబిన్ మీద దబదబా బాదింది తులసి. “మా అత్తకి పూనకమొచ్చీసినాది!”

ఆపాడు. వెనక్కి పరిగెత్తాడు. లక్ష్మణమ్మ మొదటి డబ్బా మూత తీసింది. అందులో లడ్డూలు లేవు.

బూందీ ఉంది.

“ఓలమ్మో! నా కూతురు బూందీకోడలు అయిపోనాదిరో!”

“అమ్మా, ఇంకా ఊరైనా దాటనేదు,” అంది శ్రావణి కిటికీలోంచి. “అప్పుడే నువ్వు పేరెట్టీసినావేటి?”

ఎల్లాజీ దారి వంక చూశాడు. ముందు పనసగెడ్డ దాకా ఇలాంటి గోతులే. ఇంకో బండి మాట్లాడదామంటే ముహూర్తం దాటిపోతుంది. మేనమామ బండి మీద కాకుండా అద్దెబండి మీద సారె వెళ్తే అదింకో తలవంపు. అప్పుడు చెవిలో హరిబాబు అరుపు మోగింది. కడుపు నిండితేనే కుదురుగా కూకుంటాది!

“బరువు! బరువు గావాల!” అని అరిచాడు.

ధాన్యం బస్తాలా? అన్నీ మిల్లుకి వెళ్లిపోయాయి. మనుషుల్ని ఎక్కిద్దామని ఊళ్లో కాస్త నిండుగా ఉన్నవాళ్లని ఒక్కొక్కర్నీ పేరుపెట్టి పిలిచాడు. పిలిచినవాళ్లు తలుపులేసుకున్నారు. పిలవనివాళ్లు మాత్రం పిలవనందుకు మురిసిపోతూ చూడ్డానికొచ్చారు.

“తులసీ, నువ్వు సరిగ్గా సక్రం మీద కూకో,” అన్నాడు చివరికి.

“ఏటీ? నాను సిమెంటు బస్తానా?”

ఆ చూపు తట్టుకోలేక ఎల్లాజీ తల పక్కకి తిప్పుకున్నాడు. పక్కనే కంకర గుట్ట ఉంది.

ఆ గుట్ట గురించి మీకు చెప్పలేదు కదూ? మా ఊరికి రోడ్డు వేస్తామని ఎప్పుడో పోశారు దాన్ని. పోసినవాళ్లు మళ్లీ రాలేదు. దాని మీద జిల్లేడు మొలిచింది, పూసింది. మేకలు దాని మీద కాపురం పెట్టాయి. ఫోనులో సిగ్నలు కావాలన్నా, పక్కూరి జాతర చూడాలన్నా దాని మీదికే ఎక్కాలి. ఊరు దాన్ని కంకర అనుకోవడం మానేసి చాలాకాలమైంది. కొండ అనుకుంటోంది.

“అది గవుర్మెంటుది గదరా!” అంది లక్ష్మణమ్మ తమ్ముడి చూపు చూసి.

“ఎక్కడికి పట్టుకుపోతానప్పా? అలాగ తీసికెళ్లి ఇలాగ తెచ్చీస్తాను. పాపం, కంకరకి మాత్రం నాలుగూళ్లు సూడాలనుండదా?”

ఇక చూడండి! డబ్బాలు దింపారు. తులసి పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపి పార అందుకుంది. ముత్తయిదువలు తట్టలు పట్టుకుని వరసకట్టారు. గాజులు గలగల, కంకర గరగర! ఎన్నో ఏళ్లుగా ఎవరూ ముట్టని పనిని పసుపు పాదాలతో, తల్లో మల్లెపూలతో కానిచ్చారు. బండి వెనకభాగం మెల్లగా, తృప్తిగా కిందికి దిగింది. దేముడమ్మ కడుపు నిండింది. కంకర మీద దుప్పట్లు పరిచి, వాటి మీద డబ్బాలు పేర్చారు. బూందీ డబ్బా మాత్రం ఎక్కించలేదు. సాక్ష్యం మిగలకుండా అక్కడికక్కడే తినేశారు.

ఆ ప్రయాణం గురించి ఏం చెప్పను? గోతి మీద గోతి. బండి ఊయలలా ఊగింది. శ్రావణి నిద్రపోయింది. బొబ్బిలి దాటేవరకూ లక్ష్మణమ్మ దేవుళ్లకి మొక్కుకుంటూనే ఉంది. దాటాక మొక్కులు కాస్త తగ్గించుకుంది.

పనసగెడ్డ చేరారు. వియ్యపురాలు ధనలక్ష్మి అరుగు మీద నిలబడి ఉంది. చుట్టూ వీధి ఆడవాళ్లు. ఆవిడ హారతిచ్చి, కోడల్ని లోపలికి పంపి, నేరుగా డబ్బాల దగ్గరికొచ్చింది. ఒక లడ్డు తీసి వేళ్ల మధ్య తిప్పింది. అరిసె తీసి ఎండకి ఎత్తి పట్టింది. జంతికని చెవి దగ్గర పెట్టుకుని వింది కూడా! ఎక్కడా పగులు లేదు, బీట లేదు. పొడికోడలు ఝాన్సీ గుమ్మంలోంచి తొంగిచూసి నిట్టూర్చింది.

గెలిచామనుకున్నాడు ఎల్లాజీ. ఆఖరి డబ్బా దించాడు. దాంతోపాటే దుప్పటి జారిపోయింది.

ధనలక్ష్మి కళ్లు చిట్లించింది. “ఇదేటి వదినా? సారి కింద రాళ్లేటి?”

లక్ష్మణమ్మ తమ్ముడి వైపు చూసింది. నిజం చెబితే? బండి ఎగిరిందని, లడ్డూలు చితికాయని, బరువు కోసం రాళ్లు వేశామని? సాయంత్రానికల్లా శ్రావణి ‘రాళ్లకోడలు’ అయిపోతుంది! ఎల్లాజీ నోరు తెరవబోయాడు. తులసి అతని కాలు తొక్కింది.

“రాళ్లేటి వదినా, అదీ సారే!” అంది నవ్వుతూ. “మా పిల్ల నడిసే దోవ మెత్తగుండాలని కంకర పెడతాం. మా ఊరి ఆనవాయితీ. మీ వైపు నేదేటి?”

అలాంటి ఆనవాయితీ తాటిదిబ్బవలసలో పుట్టింది ఆ నిమిషంలోనే.

ధనలక్ష్మి చుట్టూ ఉన్న వీధి ఆడవాళ్ల వైపు చూసింది. ‘మా వైపు లేదు’ అంటే తమ ఊరు తక్కువైపోతుంది. ఆవిడ ఆలోచిస్తుండగానే ఎదురింటి కూర్మయ్య ముందుకొచ్చాడు. తన గుమ్మం ముందున్న గోతిలో సైకిలుతో సహా పడి లేవడం ఆయనకి రోజూ ఉన్నదే.

“సారి అన్నాక గడప గడపకీ పంచాల గదేటి, అమ్మా?” అన్నాడు.

పంచాలి మరి! పద్ధతి అది!

అప్పుడు జరిగింది అసలైన వేడుక. ముత్తయిదువలు ఇంటింటికీ వెళ్లారు. గుమ్మంలో బొట్టు పెట్టారు. పళ్లెంలో లడ్డు, అరిసె, పోకుండ పెట్టారు. వెనకే ఎల్లాజీ తట్టెడు కంకర ఆ ఇంటి ముందున్న గోతిలో కుమ్మరించాడు. బుల్లి గోతి ఉన్నవాళ్లు మాకు తక్కువిచ్చారని అలిగారు. పెద్ద గోతి ఉన్నవాళ్లు మారు వడ్డన కింద రెండో తట్ట అడిగారు. లడ్డూలో యాలకులు తక్కువన్నారు. పోకుండ గట్టిదన్నారు. కంకరకి మాత్రం ఒక్కరంటే ఒక్కరు వంక పెట్టలేదు!

భోజనాల వేళకి వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చదునుగా ఉంది. కూర్మయ్య సైకిలెక్కి అటొకసారి ఇటొకసారి తిరిగి, పడకపోయేసరికి దిగి మరీ చూసుకున్నాడు.

“నాను కాపరానికొచ్చిన కాణ్నించీ నా గుమ్మం దాకా బండి రానేదు వదినా,” అంది ధనలక్ష్మి కళ్లొత్తుకుంటూ. శ్రావణికి ఆ పూటే పేరు పడిపోయింది. రోడ్డుకోడలు! లక్ష్మణమ్మ ఆ పేరుని నాలుగుసార్లు చెప్పించుకుని వింది.

తిరుగు ప్రయాణంలో బండి ఖాళీ. దాని గురించి నేను రాయను. వెళ్లేటప్పుడు ఆ ముత్తయిదువలందరికీ నడుములుండేవని మాత్రం చెప్తాను.

ఆ తర్వాత పనసగెడ్డలో లడ్డూల సారె చిన్నతనమైపోయింది. ఝాన్సీ పుట్టింటికి ఫోను చేసి, పాత పేరు చెరుపుకోవడానికి కంకర పంపించమని ఏడ్చింది. చుట్టుపక్కల ఊళ్లకీ సంగతి పాకింది. ఏ పెళ్లికూతురు కదిలినా వెంట దేముడమ్మ, దాని నిండా కంకర! పెళ్లిళ్ల కాలం గడిచేసరికి ఎవరెవరి ఊళ్లలోనో వీధులు చదునయ్యాయి. మా ఊరి కొండ మాయమైంది. మేకలు దిగాలుపడ్డాయి.

సరిగ్గా అప్పుడే జీపొచ్చింది.

దిగినాయన రోడ్లు చూసే ఆఫీసరు. దిగాడు అనడం కంటే గోతిలో పడ్డాడు అనడం సబబు. మోకాళ్ల లోతులో నిలబడి చుట్టూ చూశాడు. ఎల్లాజీ తువ్వాలు చంకలో పెట్టుకుని ఎదురెళ్లాడు. తులసి తలుపు వెనక నిలబడి దండం పెట్టుకుంది.

“ఇక్కడ కంకర ఉండాలే?”

“ఉండేది బాబూ.”

“ఇప్పుడు లేదు.”

“నేదు బాబూ.”

ఆఫీసరు ముఖం వెలిగిపోయింది. “అంటే రోడ్డు వేసేశారన్నమాట! ఏదీ, రోడ్డెక్కడ?”

“తమరు నిలబడ్డాది రోడ్డే బాబూ.”

ఆయన కిందికి చూశాడు. సంతోషంగా తలూపాడు. అక్కడే ఫోటో తీయించుకున్నాడు. అయిపోయిన పనికి మళ్లీ పని అక్కర్లేదు కదా! తర్వాత చెయ్యి అందించమని బయటికొచ్చి, నడుం పట్టుకుని మూలుగుతూ, తోక ఎత్తి నిలబడ్డ దేముడమ్మని చూసి ఆగిపోయాడు.

“ఏమోయ్, ఈ కమాన్లు ఎక్కడ వేయించావ్?”

చూశారా! నేను మొదట్లో ఏం చెప్పాను? రోడ్లు చూసే ఆయనే ఒప్పుకున్న మాట ఇది. రోడ్డు కాదు, బండి బాగుచేసుకోవాలి!

ఇప్పుడాయన జీపుకి హరిబాబు చేతి కమాన్లు పడ్డాయి. ఖాళీగా నడపొద్దని హరిబాబు ఆయన చెవిలోనూ అరిచాడు. అందుకని జీపు వెనక నిండా ఎప్పుడూ కంకర బస్తాలుంటాయి. మా రోడ్డు బాగుందో లేదో చూడ్డానికి తరచూ వస్తుంటాడు.

కాబట్టి తాటిదిబ్బవలస రోడ్డుకి కంకర రాలేదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. వస్తోంది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, ఒక్క గోతినీ వదలకుండా, ఒక్క కుదుపైనా లేకుండా వెళ్తోంది.

దిగడమే లేదు.